చూస్తే తరిగే రాకుమారుడు

సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ధూళికేతన నగరంలో పనులన్నీ ఆగిపోయాయి. అంగళ్ళ ముందు తెరలు జారాయి. బోయీలు పల్లకీలను దించి పక్కకు నిలబడ్డారు. కోట బురుజు మీద శంఖం మోగింది. పాలరాళ్ళు పరిచిన రాజప్రాంగణం మండుటెండలో ధగధగలాడుతుండగా, పసుపు పాగాలు చుట్టుకున్న ఊడ్పువాళ్ళు బారులు తీరి లోపలికి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో నెమలి ఈకల చీపురు ఉంది, చంకలో మూత ఉన్న ఇత్తడి బిందె ఉంది. వాళ్ళు ఊడ్చేది చెత్త కాదు, ఎండ.

ధూళికేతనం వాళ్ళ శాస్త్రంలో వెలుగంటే సూర్యుడు అరుగుతూ రాల్చే పొడి. ఆ పొడి పొర మీద పొర పేరుకుని గట్టిపడితే రాయి, మెత్తగా పేరుకుంటే మన్ను, తడిసి ముద్దయితే ప్రాణి. దీపం వెలిగిందంటే నూనెలో దాగిన పాత ఎండ మళ్ళీ లేచి ఎగిరిందన్న మాట. కంటికి ఏదైనా కనిపించిందంటే దాని నుంచి చిటికెడు పొడి రాలి కంట్లో పడిందన్న మాట. కాబట్టి పదిమందీ చూసేకొద్దీ ఏ వస్తువైనా తరిగిపోతుంది. ఈ భయం చేతనే ఆ దేశపు రాణులు ముసుగు తీయరు, అక్కడి శిల్పులు తాము చెక్కిన విగ్రహాలను దుప్పటి కప్పి అమ్ముతారు, కొన్నవాళ్ళు దుప్పటి తీయకుండా పూజిస్తారు.

మధ్యాహ్నం పూట దండిగా రాలే ఎండను వృథా పోనివ్వకుండా ఊడ్చి, బిందెల్లోకి ఎత్తి, మూతలు బిగించి, కోట అడుగున ఉన్న వెలుగు గాదెలో దాచడం వాళ్ళ తాతముత్తాతల నాటి ఆచారం. సూర్యుడు పూర్తిగా అరిగిపోయిన రోజున ఆ బిందెలు అక్కరకొస్తాయట. మూత తీసి చూసినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. తీస్తే ఎగిరిపోతుంది కదా.

ఆ ఊడ్పువాళ్ళలో చివరి బారులో, ముఖానికి బూడిద పూసుకుని, పాగాను కనుబొమల దాకా లాక్కుని ఊడుస్తున్న యువకుడు తరంగిణీ రాజ్యపు రెండో రాకుమారుడు కుంతలవర్మ. చీపురు పట్టడం అదే మొదటిసారి కావడం వల్ల అతడు ఊడ్చిన చోట నెమలి ఈకలే ఎక్కువగా రాలాయి. ఊడ్పువాళ్ళ పెద్ద గోగులమ్మ అనే ముసలామె అది చూసి, రాలిన ఈకలను తన చీపురుతో పక్కకు తోసేసింది. కరువు సీమ నుంచి కూటి కోసం వచ్చానని అతడు చెప్పిన మాట నమ్మి, జాలిపడి పనిలో పెట్టుకున్న మనిషి ఆమె.

తరంగిణి నదులూ సరస్సులూ ఉన్న దేశం. అక్కడి పండితులకు వెలుగు కూడా నీళ్ళలాగే తోచింది. ఆకాశమంతా కంటికి కనిపించని సరస్సనీ, సూర్యుడు అందులో కదిలితే పుట్టే అలే వెలుగనీ వాళ్ళ వాదం. అలను ఎంతమంది చూసినా సరస్సులో నీళ్ళు తగ్గవని వాళ్ళు ఢంకా బజాయించి చెబుతారు. ఈ విషయం మీద రెండు రాజ్యాలూ తరతరాలుగా యుద్ధాలు చేసుకున్నాయి. పోయినవాళ్ళు ధూళి అయ్యారో అలలయ్యారో చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

పోయిన వసంతంలో ఈ తగవును కత్తితో కాక మాటతో తేల్చుకుందామని కుంతలవర్మ అన్న, యువరాజు రత్నశేఖరుడు ధూళికేతనం కొలువుకు వచ్చాడు. వాదంలో గెలిచేవాడే. కాని ఆ కొలువులో కజ్జలుడనే మాంత్రికుడున్నాడు. అతనికి ఇద్దరి శాస్త్రమూ రుచించలేదు. ధూళి కాదు, అల కాదు, లోకంలోని సమస్త పదార్థమూ ముడివేసిన వెలుగే, ముడి విప్పితే రాయీ లేదు, మనిషీ లేడు అన్నాడు. అని ఊరుకోలేదు. నల్లగుడ్డతో తన కళ్ళు కట్టుకుని, రత్నశేఖరుడి వైపు చేయి చాచి, విప్పుడు మంత్రం చదివాడు. నిండు సభలో యువరాజు నిలుచున్న చోట తెల్లని వెలుగు భగ్గుమంది. ఆ వెలుగు గిర్రున తిరిగి మాంత్రికుడి చేతిలోని స్ఫటిక భరిణెలోకి పోయి కూర్చుంది.

అప్పటి నుంచి పండుగ పండుగకూ కజ్జలుడు ఆ భరిణె తెచ్చి, నల్లపట్టు తొలగించి, కొలువుకు వచ్చిన జనానికి చూపిస్తున్నాడు. ఈ రోజు సూర్యాస్తమయ వేళ కోట మైదానంలో నగరమంతటికీ చూపిస్తానని చాటింపు వేయించాడు. ఈసారి చూస్తే భరిణెలో ఏమీ మిగలదని ధూళికేతనం పౌరులే గుసగుసలాడుకుంటున్నారు. తరంగిణి పండితులు మాత్రం, లక్షమంది చూసినా అల తరగదు, బెంగపడవద్దని మహారాజు సింధువర్మకు ధైర్యం చెప్పారు. కుంతలవర్మ కూడా ఆ పండితుల శిష్యుడే కనుక ఆ మాటే నమ్మాడు. అయినా అన్నను తిరునాళ్ళ బొమ్మలా ప్రదర్శిస్తుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం అతని వల్ల కాలేదు. భరిణె చేతికి వస్తే నీలాద్రి శిఖరం మీద ఉన్న యక్షిణి తిరిగి ముడివేయగలదని ఒక ముని చెప్పాడు. భరిణెను దాచేది వెలుగు గాదెలోనేనని వేగులు చెప్పారు. అంతే, బయలుదేరాడు. సింధువర్మ సైన్యంతో సహా ఏటి అవతల అడవిలో విడిది చేశాడు. పొద్దు వాలేలోగా కొడుకు తిరిగి రాకపోతే కోట మీద పడి, నగరంలో ఒక్క ప్రాణిని కూడా మిగల్చవద్దని సేనానులకు ఆజ్ఞ ఇచ్చాడు.

ఊడ్పు ముగిసింది. బిందెలకు మూతలు పడ్డాయి. నిండు బిందె అన్నాక బరువు ఉండాలి కదా. ఊడ్పువాళ్ళు నడుములు వంచి, ముక్కుతూ మూలుగుతూ, ఒకరికొకరు సాయంపట్టి బిందెలను భుజాలకెత్తుకున్నారు. తరాల అలవాటు వల్ల వాళ్ళకు చెమటలు నిజంగానే కారుతున్నాయి. ఒక ముసలివాడు దారి మధ్యలో బిందె దించి అలుపు తీర్చుకున్నాడు కూడా. కుంతలవర్మ ధ్యాస అంతా గాదె తలుపు మీద ఉంది. అతడు బిందె మెడ పట్టుకుని, ఒంటిచేత్తో ఊపుకుంటూ చకచకా నడిచాడు.

ఎత్తిన బిందెలు దించి ప్రాంగణమంతా అతని వైపు తిరిగింది. కోట దళపతి కాలకేసరి నాలుగంగల్లో వచ్చి ఈటె మొనను కుంతలవర్మ గుండెకు ఆనించాడు. ఏనుగు తొండం లాంటి చేతులు, నిప్పుకణికల్లాంటి కళ్ళు ఉన్న మనిషి. ఎండ నింపిన బిందెను ఒంటిచేత్తో మోసేవాడు రాక్షసుడైనా కావాలి, శత్రువైనా కావాలి, నువ్వెవరని అడిగాడు. కుంతలవర్మ నోరు విప్పితే తరంగిణి యాస పట్టుబడుతుంది. గోగులమ్మ అడ్డం వచ్చింది.

"కొత్తోడు దొరా. ఆడి బిందెకి చిల్లుంది. ఎండంతా దారెంట కారిపోనాది, ఇంకేటి బరువుంటాది?"

కాలకేసరి బిందెను తిరగేసి బోర్లేసి చూశాడు. చిల్లు కనిపించలేదు. కంటికి కనిపించనంత సన్నని చిల్లులోంచి కూడా ఎండ కారుతుందని చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపి ఒప్పుకున్నారు. ఇక శిక్ష ఒక్కటే మిగిలింది. వెలుగు ఒలకబోసినవాడి కళ్ళల్లో ఆ వెలుగు దొంగతనంగా చేరి ఉంటుంది కనుక, వాడి కళ్ళకు నల్లగుడ్డ కట్టి, చేతులు వెనక్కి విరిచి, కళ్ళు ఆ సొమ్ము తిరిగి కక్కేదాకా వెలుగు గాదెలో పడెయ్యాలి. కుంతలవర్మ తల వంచుకుని, లోలోపల నవ్వుకుంటూ నడిచాడు. తాను చేరాలనుకున్న చోటికి భటులే రెక్కలు పట్టుకుని తీసుకుపోతున్నారు.

ఇనుప తలుపు తెరుచుకుంది. వీపు మీద ఒక తాపు పడింది. మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పోయి అతడు బిందెల గుట్ట మీద పడ్డాడు. వెనక తలుపు మూసుకుంది. పగిలిన ఒక బిందె అంచుకు కట్లను రాసి రాసి తెంపుకున్నాడు. కళ్ళకు కట్టిన గుడ్డను మెడలోకి లాగాడు. లాగినా లాగకపోయినా ఒకటే చీకటి. వందల ఏళ్ళుగా ఎండను దాచిన ఆ గాదెలో మిణుగురు పురుగంత వెలుగు లేదు.

గాదెకు గుడ్డినాగు కాపలా ఉందని అతడు విని ఉన్నాడు. పుట్టుకతోనే కళ్ళు లేని కొండచిలువ అది. నేల అదురును బట్టి మనిషిని పసిగడుతుంది. కుంతలవర్మ బోర్లా పడుకుని, బిందెల మధ్య చేతులతో తడుముకుంటూ పాకాడు. చల్లని ఇత్తడి, చల్లని రాయి, మళ్ళీ చల్లని ఇత్తడి. ఒక రాతిగద్దె దగ్గర మాత్రం గాలి గోరువెచ్చగా తగిలింది. గద్దె మీద పట్టుగుడ్డ చుట్టిన చిన్న వస్తువు చేతికి అందింది. జ్వరం తగ్గిన ఒంటిలా వెచ్చగా ఉంది. అతడు దాన్ని గుండెకు అదుముకున్నాడు.

తలుపు ఎటుందో తెలియలేదు. దారి కనబడాలంటే పట్టు తొలగించాలి. తరంగిణి పండితుల శిష్యుడికి అందులో తప్పేమీ కనిపించలేదు. అల తరగదు కదా అనుకుని ముడి లాగాడు.

తెల్లని వెలుగు చిమ్మింది. కొండల్లా పేర్చిన ఇత్తడి బిందెలు ఒక్కసారిగా బంగారంలా మెరిశాయి. కుంతలవర్మ వాటిని చూడలేదు. అతని కళ్ళ ముందు వేపమండలు పరిచిన పక్క ఉంది. దాని మీద ఒళ్ళంతా పొక్కులతో ఒక పసివాడు మూలుగుతూ నిద్రపోతున్నాడు. ఎవరివో చిన్న చేతులు వాడి రెండు చేతులనూ గోక్కోకుండా పట్టుకుని ఉన్నాయి. ఆ పసివాడు తనే. తనను తాను పైనుంచి చూస్తున్నాడు. తనకు అమ్మవారు పోసినప్పుడు అన్న ఒక్కసారైనా చూడ్డానికి రాలేదని అతడు పెద్దయ్యాక కూడా దెప్పుతుండేవాడు. అన్న నవ్వేవాడే గాని జవాబు చెప్పేవాడు కాదు. కిటికీ ఎక్కి, అందరి కళ్ళూ కప్పి వచ్చి, తెల్లవార్లూ కూర్చున్నాడని ఇప్పుడు తెలిసింది. ఇది తనకు గుర్తున్న సంగతి కాదు, అన్నకు గుర్తున్నది. అన్న లోంచి రాలి తన కంట్లో పడింది.

భరిణెలో అరచేతంత ఉన్న వెలుగు అప్పుడే గురివిందగింజంత అయింది.

కుంతలవర్మకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్నను తానే తాగేశాననిపించింది. గబగబా పట్టు చుట్టి ముడివేశాడు. పండితుల మీద ఉన్న నమ్మకం ఆ ముడితోనే పోయింది. అన్న బతికి ఉన్నది ఆ గురివిందగింజలో. దాన్ని ఇక తాను చూడకూడదు, మరొకరిని చూడనివ్వకూడదు.

అంతలో కాళ్ళ కింద నేల జరిగింది. గుడ్డినాగు అతని నడుముకు చుట్టుకుని ఒక్క ఈడ్పు ఈడ్చింది. బిందెలు దడదడా కూలాయి. కుంతలవర్మ భరిణెను పాగాలోకి దోపి, చేతికందిన బిందెను తీసి పాము నోట్లో కుక్కాడు. బిందె పటపటా నలిగిపోయింది. పట్టు ఇంకా బిగిసింది. పక్కటెముకలు కలుక్కుమంటున్నాయి. సరిగ్గా అప్పుడే ఇనుప తలుపు తెరుచుకుంది. మెట్ల మీద దివిటీ వెలుగు పడింది. నల్లని అంగీ, మోకాళ్ళ దాకా జడలు, చేతిలో నాగబెత్తం, కజ్జలుడు దిగి వస్తున్నాడు. సాయంకాలపు ప్రదర్శనకు భరిణె తీసుకుపోవడానికి వచ్చాడు.

అతడు ఖాళీ గద్దెను చూశాడు, పాము చుట్టల్లో ఉన్న యువకుడిని చూశాడు. బూడిద చెదిరిన ఆ ముఖంలో రత్నశేఖరుడి పోలికను గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"తమ్ముడివా," అన్నాడు మాంత్రికుడు, ఆప్యాయంగానే. "మంచిది. భరిణెలో చోటుంది."

కుంతలవర్మ కాలు జాడించి దొర్లుతున్న బిందెను తన్నాడు. అది ఎగిరి దివిటీకి తగిలింది. దివిటీ కింద పడి ఆరిపోయింది. చీకట్లో కజ్జలుడు కళ్ళకు గుడ్డ కట్టుకునే పని పెట్టుకోలేదు. చప్పుడు వచ్చిన వైపు చేయి చాచి విప్పుడు మంత్రం అందుకున్నాడు. చివరి అక్షరం పలికేలోగా కుంతలవర్మ శరీరమంతా మెలితిప్పి పాము కడుపు కిందికి జారాడు. మెడలో వేలాడుతున్న నల్లగుడ్డను కళ్ళ మీదికి లాక్కుని, ముఖం నేలకు అదిమాడు.

మంత్రం పామును తాకింది. గుడ్డినాగు ముడి విడిపోయింది. ఇనుమంత బరువున్న చుట్టలు గాలిలా తేలిపోయాయి. గుడ్డలోంచి కూడా రెప్పల మీద వేడి తగిలింది. పట్టడానికి భరిణె లేక ఆ వెలుగు గాదె అంతా పరుచుకుంది. దాన్ని రెప్ప వేయకుండా చూసినవాడు ఒక్కడే, కజ్జలుడు. బెత్తం ఠంగున కింద పడింది. ఆ తర్వాత బుస్సుమన్న శబ్దం. కుంతలవర్మ గుడ్డ తీసేసరికి, పైన తలుపు సందులోంచి పడుతున్న మసక వెలుతురులో మాంత్రికుడు మెట్ల మీద పొట్ట ఆనించి, మెడ ఎత్తి, నాలుక ఆడిస్తూ, చూపు లేనివాడిలా నేల అదురు కోసం వెతుక్కుంటున్నాడు. పాము మొత్తం అతని కళ్ళల్లోంచి లోపలికి పోయింది.

అతని శాస్త్రం నిజమో, ఊడ్పువాళ్ళ శాస్త్రం నిజమో తేల్చడానికి అక్కడ తీరిక లేదు. కుంతలవర్మ అతని మీదుగా దూకి తలుపు దాటాడు. కాపలా భటుడి గడ్డం మీద ఒక పిడిగుద్దు ఇచ్చి కత్తి లాక్కున్నాడు. నేలమాళిగలు, ఆయుధశాల, గజశాల. వెనక కొమ్ములు ఊదుతున్నారు. వంటశాల కప్పు ఎక్కి, అక్కడి నుంచి వీధిలోని పూలబండి మీదికి దూకి, జనంలో కలిసిపోయాడు.

వీధులన్నీ మైదానం వైపు కదులుతున్నాయి. తోరణాలు, జరీ పరదాలు, గొడుగుల కింద ముసుగులేసుకున్న స్త్రీలు, తండ్రుల భుజాలెక్కిన పిల్లలు. అంతా రాకుమారుడి వెలుగు చూడాలని ముస్తాబై వచ్చినవాళ్ళే. కుంతలవర్మ వాళ్ళకు ఎదురీదుతూ తూర్పు ద్వారం చేరాడు. పొద్దు వాలింది గాని ఇంకా చీకటి పడలేదు. ద్వారం తెరిచే ఉంది. దాని నడుమ కాలకేసరి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఈటె దూసుకొచ్చింది. కుంతలవర్మ పక్కకు ఒరిగి దాని కర్రను రెండు ముక్కలు చేశాడు. దళపతి కత్తి దూశాడు. కత్తులు నిప్పులు రాల్చాయి. కాలకేసరి కొట్టిన దెబ్బకు ద్వారబంధం చీలింది. కుంతలవర్మ వెనక్కి వెనక్కి తగ్గి, ఉన్నట్టుండి కిందికి వంగి, అతని మోకాలి వెనక తన్నాడు. కొండంత మనిషి వెల్లకిలా పడ్డాడు. కుంతలవర్మ అతని రొమ్ము మీద మోకాలు మోపి, గొంతు మీద కత్తి పెట్టాడు. అన్న భరిణెలోకి పోతుంటే చూస్తూ నిలబడిన కొలువులో వీడూ ఒకడు. ఒక్క లాగు లాగితే చాలు.

కాలకేసరి కత్తి వైపు చూశాడు. ప్రాణభయంతో చూసిన చూపు కాదది.

"బొటనవేలు కత్తి వీపు మీద పెట్టకు చిన్నా," అన్నాడు. "మెలితిప్పితే విరుగుతుందని ఎన్నిసార్లు చెప్పాను."

అనేశాక తెల్లబోయాడు. తనకు తమ్ముడు లేడనీ, ఈ మాట ఎందుకన్నానో తెలియడం లేదనీ, కొన్ని నెలలుగా తానెప్పుడూ చూడని ఏటి ఒడ్డున ఒక పిల్లవాడికి కత్తి నేర్పుతున్నట్టు నిద్రలో వస్తోందనీ తడబడుతూ చెప్పాడు. అవి అన్న తనకు కత్తి నేర్పేటప్పుడు అనే మాటలని కుంతలవర్మకు తెలుసు. ఆ రోజు సభలో నువ్వెక్కడున్నావని అడిగాడు. ముందు వరుసలో, రెప్ప వేయకుండా, అన్నాడు దళపతి.

కుంతలవర్మ ద్వారం లోపలికి తిరిగి చూశాడు. పండుగ పండుగకూ కొలువుకు వచ్చి చూసిపోయినవాళ్ళు ఈ జనంలో ఎందరో ఉన్నారు. ఆ పిల్లవాణ్ణి భుజాన మోస్తున్న తండ్రి కావచ్చు, గొడుగు పట్టిన దాసి కావచ్చు, గోగులమ్మ కావచ్చు. పాగాలో ఉన్నది గురివిందగింజంత. తక్కిన అన్న అంతా చిటికెడు చిటికెడుగా ఈ వీధుల్లో తిరుగుతున్నాడు. ఎవరి దగ్గర ఏముందో తనకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. ఒక్కరు చచ్చినా అన్నలో అంత మేర శాశ్వతంగా పోతుంది.

పెట్టిన గడువు దాటింది, ఏటి అవతల రణభేరి మోగింది. భేరి మోగాక కన్నకొడుకు ఎదురెళ్ళి బతిమాలినా ఆగే మనిషి కాదు సింధువర్మ. అడవి అంచున ఏనుగుల కుంభస్థలాలు కనిపించాయి.

కుంతలవర్మ కత్తి తీసి, కాలకేసరికి చేయి అందించి లేపాడు.

"తలుపులు మూయించు," అన్నాడు. "బురుజుల మీదికి విలుకాళ్ళను ఎక్కించు. మీ ఊళ్ళో ఒక్కరు కూడా చావకూడదు. ఆ వచ్చేది మా నాన్నగారు."